కొమ్ముల గార్డప్ప

"అక్కా, దోవలో ఏందో పడుండాదంట గదా. చూసినావా?"

"కుక్కప్పా. కుక్క సర్కారుది గాదులే. నువ్వు బస్సెక్కు."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. జమ్మలమడుగు బస్టాండులో. ఆయన ప్రొద్దుటూరు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి, నేను వచ్చిన పులివెందుల దోవ వైపు మెడ సాచి చూస్తున్నాడు. ఖాకీ బట్టలు విడిచి చాలా కాలమైంది. "ఎక్కుతావా, దిగుతావా పెద్దాయనా?" అని కండక్టరు కసిరితే గానీ ఆ రెండో కాలు లేవలేదు. బస్సు కదిలినా కిటికీలోంచి తల బయటపెట్టి అటే చూస్తూ పోయాడు. ఆ బస్సు పోయేది ఆ దోవన కాదు కూడా.

మొన్న సంతలో ఖాజీపేట తట్టు మనిషి ఒకడు కనబడి, "మీ గార్డప్ప పోయినాడు, పది దినాలైంది" అని చెప్పాడు. చేతిలో వంకాయలు అక్కడే కుప్పలో పెట్టేసి ఇంటికొచ్చాను. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు ఇదంతా రాస్తోంది. ఆయన పేరేమని అడిగింది. పేరు రాయొద్దన్నాను. ఆయనను మేమెవరమూ పేరుతో పిలిచింది లేదు. ఫారెస్టు గార్డు గనక గార్డప్ప అన్నాం. తర్వాత తర్వాత కొమ్ముల గార్డప్ప అన్నాం. ఆ కొమ్ములు నావే.

మా ఊరు జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే రోడ్డు మీద ఉంది. ఒక పక్క చేలు, ఒక పక్క కొండ. కొండ ఫారెస్టుది. రోడ్డు కొంత దూరం ఆ ఫారెస్టు హద్దులోనే పోతుంది. మద్రాసు నుంచి మనం విడిపోయి కర్నూలులో రాజధాని పెట్టుకున్న కాలంలో ఆ దోవన లారీలు ఎక్కువయ్యాయి. నాపరాళ్ల లారీలు, పత్తి లారీలు. కొండ మీది జీవాలకు లారీ సంగతి తెలియదు. లైటు కళ్లలో పడితే పారిపోకుండా నిలబడిపోయేవి. తెల్లారి చూస్తే రోడ్డు మీద ఏదో ఒకటి పడి ఉండేది. పందో, జింకో, నెమలో.

అట్లా పడినప్పుడల్లా గార్డప్ప సైకిలు మీద వచ్చేవాడు. దూరంగానే దిగి, చెప్పులు రోడ్డు పక్కన విడిచి, వట్టికాళ్లతో నడిచి దగ్గరికి పోయేవాడు. తలగుడ్డ విప్పి ఆ జీవం మొహం మీద కప్పేవాడు. అంతవరకు నోరు విప్పేవాడు కాదు. కప్పిన తర్వాత లేచి, మా వైపు తిరిగి, గొంతు గట్టిగా చేసుకుని, "సర్కారుది. ఎవురూ ముట్టొద్దు" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహం ఇంకెవరిదో తెచ్చి పెట్టుకున్నట్టు ఉండేది.

పంచనామాకు మనుషులు కావాలి. ఎవరు దగ్గరుంటే వాళ్లే. మా ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంది గనక నేను తప్పేదాన్ని కాదు. సంగటి కెలుకుతూ కెలుకుతూ వచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసి పోయేదాన్ని. ఎన్ని జంతువుల చావుకు నేను సాక్షినో నాకే తెలియదు.

కుందేలు పడితే ఆయన తీరు వేరు. కిందికి పైకి చూసి, "దీనికేం రాస్తాం" అని కొండ వైపు తిరిగి బీడీ వెలిగించుకునేవాడు. ఆ బీడీ అయిపోయేలోగా కుందేలు అక్కడ ఉండకూడదు. ఆలస్యమైతే వెనక్కి తిరగకుండానే కేకేసేవాడు: "ఇంగా ఉండాదా? బీడీ అయిపోతాంది!"

ఒకసారి అడవిపంది పడింది. తల రోడ్డు మీద, నడుము నుంచి వెనకంతా చేనులో. చేను గలాయన పరిగెత్తుకొచ్చాడు.

"గార్డప్పా, తల సర్కారుది. తీస్కపో, నేను వద్దన్నా. తొడలు నా చేన్లో పడిండాయి. అవి నావి."

"సరేప్పా" అన్నాడు గార్డప్ప. "నీ తొడలు నువ్వు పట్టుకోని నిలబడు. పంచనామాలో నీ పేరు ముందర రాస్తా. పందిని ఎవురు సంపినారని రేంజరు అడిగితే, తొడలు పట్టుకోనుండే ఆయప్పను అడగండి సార్ అని చెప్తా."

ఆ మనిషి తొండ మీద కాలేసినట్టు ఎగిరి వెనక్కి దూకాడు. "నావి గాదులే! చేను గూడా నాది గాదులే!"

ఎన్నో ఏండ్లు ఆయనను చేను లేనాయన అనే పిలిచాం.

ఇదంతా తర్వాతి మాట. గార్డప్ప మా ఊరికి మొట్టమొదట వచ్చింది మేము జింకను తిన్న రోజు.

మా ఆయన రోడ్డు గ్యాంగులో కూలి. గుంతలు పూడ్చడం, కంకర పరచడం, రోడ్డు మీద పడిన కొమ్మలూ రాళ్లూ చచ్చిన కుక్కలూ తీసి పారేయడం. పనిలో చేరిన రోజే మేస్త్రీ, "రోడ్డు మింద ఏం పడినా నువ్వే తీయల్ల" అని చెప్పాడట. మా ఆయన ఆ మాటను ఎట్లా పట్టుకున్నాడంటే, రోడ్డు మీద ఏం పడినా అది తనదే అనుకున్నాడు. ఎవరైనా అదేందప్పా అంటే, "కొండ సర్కారు వేరు, రోడ్డు సర్కారు వేరు. నేను రోడ్డు సర్కారు మనిషిని" అనేవాడు. అంత నమ్మకంగా చెబితే ఎవరు కాదంటారు?

ఒక పొద్దున పనికి పోతుంటే నల్లజింక పడి ఉంది. పోతు. ఇంకా వెచ్చగా ఉందట. వెనక కాళ్లు లారీ కింద నలిగిపోయాయి. మెలితిరిగిన కొమ్ములు రెండూ చెక్కు చెదరలేదు. మా ఆయనా, గ్యాంగులోనే పనిచేసే ఇంకొకాయనా కంకర మోసే తోపుడు బండి మీద వేసుకుని ఊళ్లోకి తెచ్చారు. ఊరంతా పాళ్లు వేసుకున్నారు. పక్కింటి ముసలవ్వ పళ్లు లేవని చెప్పి మెత్తటి కాలేజం తీసుకుంది. నేను కారం దట్టించి కూర వండాను.

కూర దించేసరికి వాకిట్లో సైకిలు గంట. కొత్త ఖాకీ, గంజి పెట్టింది, భుజాలు కిందికి జారుతున్నాయి. నేనే ఈ బీటుకు కొత్తగా వచ్చిన గార్డును, కొంచెం నీళ్లియ్యండి అన్నాడు. పెరట్లో జింక తల మీద గంప బోర్లించి వచ్చాను. మా ఆయన నీళ్లిచ్చి ఊరుకోవచ్చు కదా. అరుగు మీద కూర్చోబెట్టి, ముద్ద సంగటి, గిన్నెడు కూర పెట్టించాడు.

"ఏం మాంసమప్పా? శానా మెత్తగుండాది" అన్నాడు గార్డు.

"పొట్టేలు" అన్నాడు మా ఆయన.

"యాడ మేసిందో!"

"కొండ మిందే."

చుట్టూ ఉన్నవాళ్లంతా నేల చూపులు చూశారు. గార్డప్ప గిన్నెలోకి కాసేపు చూశాడు. ఇంకొక ముద్ద అడిగి తిన్నాడు.

ఆ కొమ్ములను మా ఆయన నడిమింటి గోడకు కొట్టాడు. "గోడకెందుకు ఇవి?" అంటే, "నీకు పుట్టినప్పుడే ఉండాయి. నీతో కొట్లాడను నాకూ ఒక జత ఉండొద్దా?" అన్నాడు. రోజూ పని నుంచి వచ్చి తలగుడ్డ తీసి దానికే తగిలించేవాడు. రెండేండ్లు తిరగలేదు. చలిజ్వరం పట్టి పోయాడు. తలగుడ్డ ఆ కొమ్ముకే ఉండిపోయింది. నేను తీయలేదు, ఉతకలేదు.

గార్డప్ప పలకరించడానికి వచ్చాడు. అంతవరకు ఎప్పుడొచ్చినా అరుగు దాటి లోపలికి రాలేదు. ఆ రోజు వచ్చాడు. గోడ చూశాడు. చెప్పాల్సిన మాటలన్నీ మరిచిపోయి, గోడకేసే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, అవి ఈడ ఉండకూడదు."

నేను ఇంత గొంతు వేసుకుని లేచాను. "ఏందప్పా నువ్వు? మనిషిని దేవుడు తీస్కపాయ. కొమ్ములు తీస్కపోను నువ్వొచ్చినావా? నా మొగుడు పోయిన ఇంట్లో నీకు కనబడింది అదేనా?"

వాకిట్లో జనం మూగారు. ఆయన తల వంచుకుని, నేను అలిసిపోయేదాకా ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. చట్టం మద్రాసు నాటిది. అడవి హద్దులో దొరికిన కొమ్మూ తోలూ కట్టెపుల్లతో సమానం, అన్నీ సర్కారువే. రోడ్డు మీద పడి చచ్చినా అంతే. రోడ్డు సర్కారు, కొండ సర్కారు అని రెండు లేవు.

"రేంజరు వచ్చి చూస్తే నీ మింద కేసు. పిల్లలను పెట్టుకోని కోర్టుకు తిరుగుతావా? నువ్వే తెచ్చిచ్చినావని నేను రాస్తే కేసు ల్యా. మళ్లా అర్జీ పెట్టుకోని అడుగుదాం. జింకను ఎవురూ సంపలేదు, రోడ్డు మింద సచ్చిందని చూసినోళ్లు ఇద్దరు చెప్తే చాలు, ఇస్తారు."

"ఇయ్యకపోతే?"

తలగుడ్డను నేనే తీసి పక్కన పెట్టాను. మేకులు ఆయనే ఊడదీశాడు, గోడ పెళ్ల రాలకుండా చేత్తో అదిమిపట్టి. సైకిలు క్యారేజీకి కట్టలేదు. సైకిలు మా వాకిట్లోనే వదిలి, కొమ్ములు రెండు చేతులా పట్టుకుని బస్సెక్కిపోయాడు. తర్వాత సైకిలు కోసం వచ్చాడు.

ప్రొద్దుటూరు ఆఫీసులో గోడౌను ఉంది. పట్టుకున్న కట్టెలు, గొడ్డళ్లు, తోళ్లు అన్నీ అందులో వేస్తారు. మా కొమ్ములూ అందులోకి పోయాయి. అప్పటినుంచి గార్డప్ప ప్రొద్దుటూరు పోయి వచ్చినప్పుడల్లా మా ఇంటి ముందు సైకిలు గంట కొట్టి, ఒక కాలు ఆనించి నిలబడి చెప్పేవాడు.

"బాగుండాయక్కా! దుమ్ము తుడిచినా."

ఇంకొకసారి: "ఎలుకలు పడినాయంట గోడౌన్లో. నీవి పైన దూలానికి కట్టినా. భయం ల్యా."

ఊరి ఆడోళ్లకు నవ్వులాట అయిపోయింది. "ఏమే, నీ కొమ్ములు అన్నం తిన్నాయంటనా? జ్వరం గిరం ల్యాకుండా ఉండాయంటనా?" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. గార్డప్ప రావడం ఆలస్యమైతే మాత్రం రోడ్డు వైపు చూసేదాన్ని. పట్నంలో ఉంచిన మనిషి కబురు తెచ్చినట్టే ఉండేది నాకు.

అర్జీ కర్నూలు పోయిందన్నారు. అంతలో తెలంగాణాతో కలిసి రాజధాని హైదరాబాదుకు పోయింది.

"మన అర్జీ పాయనా, పోలేదా?" అంటే, "కాగితాలన్నీ మూటలు కట్టి తీస్కపోయినారంటక్కా. మన మూట ఇంగా విప్పలేదంట" అన్నాడు.

ఎట్లాగో విప్పారు. రేంజరు జమ్మలమడుగు బంగళాకు వచ్చి విచారిస్తాడని కబురు వచ్చింది. ఇద్దరు సాక్షులు రావాలి. రాకపోతే కొమ్ములు కట్టెలతో కలిపి వేలం వేస్తారు. ఎవరో ఒక షావుకారు కొని తన మేడలో తగిలించుకుంటాడు.

గార్డప్ప ఇల్లిల్లూ తిరిగాడు. జింక మాంసం రుచి ఊళ్లో అందరికీ గుర్తుంది. పండగకు పొట్టేలు కోస్తే, "ఆ జింక మాదిరి ల్యాదబ్బా" అని చప్పరించే మనుషులే. జింకను మాత్రం ఎవరూ చూడలేదు.

"జింకా? ఏ జింకప్పా? ఆ పొద్దు మేము ఊర్లోనే లేము. కమలాపురం పోయింటిమి."

"మా ఇంట్లో ఆ దినం ఉత్త చారన్నమే."

ముసలవ్వ అయితే, "నాకు పండ్లే ల్యావు. నేను మాంసం యాడ తింటా నాయనా?" అని నోరు తెరిచి చూపించింది.

బండి తోసిన గ్యాంగు కూలి ఇంట్లో లేడని చెప్పించి, పెరటి దోవన పోయాడు. సర్కారు జింకను కోసి తిన్నామని ఒప్పుకుంటే ఉన్న పని పోతుందని వాడి భయం. వాడిని నేను తిట్టలేను.

విచారణకు ముందు రోజు గార్డప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగి చెంబు పక్కన పెట్టాడు.

"ఒక సాక్షి దొరికినాడక్కా."

"ఎవురప్పా?"

"నేనే. తింటి గదా."

"నీకు తెలుసునా?" అన్నాను.

"నమిలేటప్పుడే తెలిసిందిలే. ఆయన అంత ప్రేమగా పెట్నాడు. తినేవాణ్ణి ఎట్ల లేచేది?"

"నీ ఉద్యోగం పోతాదప్పా. ఇంట్లో పిల్లలుండారు నీకు."

"కొమ్ములు కావల్నా, వద్దా?"

"వద్దు" అన్నాను. అబద్ధం కాదు. ఆ మాట అనేటప్పుడు నిజంగానే వద్దనుకున్నాను. "నాకొద్దు. షావుకారు తగిలించుకోనీ. నువ్వు నోరు మూసుకోని ఉండు."

ఆయన లేచి సైకిలెక్కాడు. సరే అనలేదు.

మర్నాడు జమ్మలమడుగులో సంత. బస్సులో సగం మా ఊరివాళ్లే. మొగుడు లేనిది ఒంటిగా పోగూడదని ముసలవ్వ నాకు తోడొచ్చింది. మిగతావాళ్లు సంతకని వచ్చి, సంతకు పోకుండా బంగళా కంచె పట్టుకుని నిలబడ్డారు. తమాషా చూడాలి కదా.

రేంజరు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోస్తా తట్టు మనిషి, మాట నున్నగా ఉంటుంది. గార్డప్ప టోపీ తీసి చంకలో పెట్టుకుని ముందుకు పోయాడు.

"నేను తిన్నా సార్ ఆ జింకను."

"తింటే తిన్నావు. రోడ్డు మీద చచ్చి పడి ఉండగా చూశావా?"

"ల్యా సార్. గిన్నెలో చూసినా."

రేంజరు కలం కింద పెట్టాడు. "గిన్నెలో చూసినవాడు సాక్షి కాడయ్యా. ముద్దాయి."

గార్డప్ప మొహం పాలిపోయింది. ఉద్యోగానికి కాదు. తిన్నది తనే ఒప్పుకుంటే సగం పనైనా అవుతుందనుకున్నాడు. ఆ మాట పనికి రాదని అప్పుడే తెలిసింది. నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు నేను ఎవరికీ చెప్పలేను.

అప్పుడు ముసలవ్వ నా చెయ్యి విదిలించుకుని వరండా ఎక్కింది.

"ఆయప్ప ముద్దాయైతే మేమంతా ఎవరు సామీ? ఆయప్పకు గిన్నెడు కూర. నాకు కాలేజమంతా వచ్చింది!"

"మీకు పళ్లు లేవు కదమ్మా."

"కాలేజానికి పండ్లెందుకు సామీ?"

కంచె దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. ఆ నవ్వుతో జనం భయం పోయింది. ఒకరొకరే లోపలికొచ్చారు. నాకు తొడ, నాకు గుండెకాయ, మాకు రెండు పాళ్లు. ఇల్లిల్లూ తిరిగి అడిగినా నోరు విప్పనివాళ్లు, ఇప్పుడు మా పాలే పెద్దదని వాదులాడుకున్నారు. అందరి వెనక నుంచి బండి తోసిన కూలి వచ్చాడు. చేతులు కట్టుకుని, తల దించుకుని చెప్పాడు.

"నేనూ ఆయప్పా పోయేసరికే సచ్చిండాది సార్. ఎనక కాళ్లు నలిగిపోయినాయి. లారీ చక్రం గుర్తు దాని తోలు మింద ఉండాది. మేము సంపలేదు. బండి మింద ఎత్తింది నేనే."

వాడి తోటి ఇంకొకడు, చేనికి పోతూ అది రోడ్డు మీద చచ్చి పడి ఉండగా తానూ చూశానన్నాడు. ఇద్దరూ సరిపోయారు.

"ఊరంతా కలిసి ఒక్క జింకనేనా తిన్నది?" అని అడిగాడు రేంజరు.

"ఒకటే సామీ" అంది ముసలవ్వ. "సాల్లేదు."

కొమ్ములు నాకే ఇచ్చారు. వాటి మొదళ్ల దగ్గర కాల్చి ముద్ర వేశారు, అంకెలతో. షరతులు గార్డప్ప చదివి చెప్పాడు. నేను బతికున్నంత కాలం నా ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అమ్మకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు. నేను పోయిన తర్వాత సర్కారుకు అప్పజెప్పాలి. ఊరివాళ్లను మందలించి వదిలేశారు. గార్డప్పను మాత్రం వదల్లేదు. ఖాకీ వేసుకుని సర్కారు సొత్తు తిన్నందుకు ఆయనను ఎక్కడో బద్వేలు అడవుల్లోకి మార్చారు. పోయేముందు వచ్చి, పాత మేకులతోనే కొమ్ములు గోడకు కొట్టి, మా ఆయన తలగుడ్డ అడిగి తీసుకుని తనే తగిలించాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ తర్వాత బస్టాండుల్లో కనబడటమే.

నిన్న ఖాజీపేట దాటి వాళ్ల ఊరికి పోయాను. ఆయన పెండ్లాం నన్ను చూసి, నేను ఎవరో చెప్పకముందే, "కొమ్ములక్కవా?" అంది. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. తర్వాత ఆమె చెప్పింది. ఆయన గార్డు నుంచి ఒక మెట్టు పైకి, ఫారెస్టరు కావాల్సి ఉందట. ఆ కేసు కాగితం అడ్డం పడి ఎప్పటికీ కాలేదట. దిగిపోయేదాకా గార్డే. నాకు ఆ సంగతి తెలియదు. ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

"నేను శానా సార్లు తిట్నా ఆయప్పను" అంది ఆమె. "ఒక గిన్నె కూర కోసం ఇంత పోగొట్టుకుంటివే అని. ఆ ఊర్లో ఏం జరిగిందో చెప్పు అంటే నవ్వేవాడు. నాకు ఇంతవరకు తెలీదక్కా."

ఆమెకు ఏదైనా ఇచ్చి రావాలనుకున్నాను. ఇవ్వదగింది నా ఇంట్లో ఒకటే ఉంది. అది నేను ఎవరికీ ఇవ్వకూడదు. చట్టం ఆయనే చదివి చెప్పాడు. నోటితో చెబుదామంటే అక్కడ ఏడుపే వచ్చింది.

అందుకే ఇదంతా రాయించింది. బస్సులో పోయే మనిషి చేత ఆమెకు పంపిస్తాను. ఆమెకూ చదువు రాదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివి వినిపిస్తారు. ఆమె చెవిలో ఎట్లా పడుతుందో ముందు నేను వినాలి.

అయ్యిందమ్మా. కలం పెట్టి, మొదటి నుంచి చదువు. తొందరపడొద్దు. ఆయన చెప్పకుండా నవ్వి ఊరుకున్న కాడ, ఆమె విని నవ్వల్ల.